నర్సవ్వ నీడబొమ్మ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వానాకాలానికి నేను సూరత్‌లో ఒక చిన్న సంస్థలో ఆర్ట్ లీడ్‌గా ఉన్నాను. అంతకుముందు చాలాకాలం రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో చీరల ప్రింట్లకు డిజైన్లు గీశాను. ఈ సంస్థ పిల్లల బొమ్మల పుస్తకాలు, ఫోన్‌లో ఆడుకునే ఆటలు తయారు చేసేది. యజమాని పరేశ్ భాయ్. పాత్రల రూపాన్ని ఖరారు చేసే సంతకం నాది. అది లేకుండా ఏ బొమ్మా ఆటలోకి వెళ్ళకూడదు. నా కింద పనిచేసే రవళి, తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వచ్చి అమ్రోలి పేటలో స్థిరపడిన మరమగ్గాలవాళ్ళ అమ్మాయి, అక్కడే పుట్టి పెరిగింది. ఆమె గీతలో తడబాటు ఉండదు.

అప్పుడు చేస్తున్న ఆటలో ఒక ఊరి పిల్లలకు జ్వరాలు వస్తాయి. బావికి చేతబడి చేసిన ముసలిదాన్ని పట్టుకుంటే గెలుపు. ఈ కథ తప్పని మొదటి సమావేశంలోనే అన్నాను. కథ నా పరిధి కాదన్నారు.

మా వృత్తిలో నీడబొమ్మ పరీక్ష అని ఒకటుంది. పాత్రను నిండా నల్లరంగుతో నింపేస్తాం. కళ్ళు, ముక్కు, చీర రంగు ఏవీ కనబడవు. ఒంటి అంచును బట్టే మనిషిని పోల్చుకోగలిగితే పాత్ర నిలిచినట్టు. రవళి గీసిన ముసలిది ఈ పరీక్షలో సులువుగా నెగ్గింది. ఒక భుజం కిందికి జారి, నడుము ముందుకు వంగి, మెడ పక్కకు తిరిగి ఉంటుంది. నేను సంతకం పెట్టేశాను.

విడుదలకు ముందు పిల్లల చేత ఆడించి చూడటం మా పద్ధతి. రవళి ఆటను తన గల్లీ పిల్లలకిచ్చింది. వారం తిరక్కుండానే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, లొల్లయింది. పోరగాళ్ళు మా నర్సవ్వను డాకణ్ అంటున్నరు."

డాకణ్ అంటే గుజరాతీలో మంత్రగత్తె. నర్సవ్వ ఆ గల్లీలో ఒంటరిగా ఉంటూ మగ్గాలకు కండెలు చుట్టే ముసలావిడ. పనికి వెళ్ళే తల్లులు పసివాళ్ళను ఆమె దగ్గర వదిలేవారు. ఆమెకు ముఖ్యమైన ఆధారం అదే. రోజూ చూసే ఆమె ఒంటి ఒంపు రవళి ప్రమేయం లేకుండానే కాగితం మీదికి వచ్చేసింది. అదే వారం గల్లీలో ఒక బిడ్డకు జ్వరం తగిలింది. డాక్టరు మందుకు జ్వరం తగ్గింది, అనుమానం తగ్గలేదు. ఇద్దరు తల్లులు నర్సవ్వ దగ్గరికి పిల్లలను పంపడం మానేశారు.

పరేశ్ భాయ్ తేలిగ్గా తీసుకున్నాడు. "ముక్కు మార్చండి బెన్, చీర మార్చండి. ఇది ఆట అని ఎవరికి తెలియదు?"

రవళి ముక్కు, ముఖం, చీర అన్నీ మార్చింది. నేను కొత్త బొమ్మ నీడను ఫోన్‌లో పెట్టుకుని ఆమెతో అమ్రోలి వెళ్ళాను. క్రికెట్ ఆడుతున్న పిల్లలకు చూపించాను.

"నర్సవ్వ!" అని అందరూ ఒక్కసారే అరిచారు. ఒకడు ఇంకా హుషారుగా, "దీన్ని నేను మస్తు సార్లు పట్టిన ఆంటీ," అన్నాడు.

నర్సవ్వ తన గడపలో కండె చుడుతూ వింటోంది. "ఏదీ, నా ఫోటువ జర చూపియ్ బిడ్డా," అని ఫోన్ తీసుకుంది. చూసి రవళితో, "ముక్కు తీసేసినవ్, నడుం ఉంచినవ్. నొచ్చేది నడుమే గదనే," అంది. అందరం నవ్వాం. ఆమె వెనక ఉయ్యాల ఖాళీగా ఉంది.

మర్నాడు నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని సమావేశంలో ప్రకటించాను. ఆట అని అందరికీ తెలుసు. చేతబడి అబద్ధమని ఎందరికి తెలుసు? మన ఆటలో అది నిజం, పైగా దాన్ని నమ్మినవాడికే గెలుపు. జ్వరం వస్తే ముసలి ఆడదాన్ని వెతకమని పిల్లలకు నేర్పుతున్నాం. నీళ్ళను చూడమని నేర్పవచ్చు. ఇదీ నా వాదన.

ముసలిదాని కదలికలన్నీ తయారయ్యాయి, అంత పని పారేయలేనన్నాడు పరేశ్ భాయ్. పారేయనక్కర్లేదన్నాను. అదే ఒళ్ళు, అదే నడక. మురికినీటి పైపు ఎక్కడో పగిలి బావిలోకి కారుతోందని ఆ అవ్వే ఊరికి చెబుతుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఆట.

"విలన్ లేకుండా ఎవరు ఆడతారు బెన్?"

"పగిలిన పైపును పట్టుకోవడం ముసలిదాన్ని పట్టుకోవడం కంటే కష్టం. ఆట కష్టంగా ఉండాలని రోజూ చెప్పేది మీరే."

ఆయన సరేనన్నాడు. నేను మరో షరతు పెట్టాను: నర్సవ్వ ఒప్పుకుంటేనే.

రవళి వెళ్ళి అడిగింది. "పెట్టుకోమను. గని నీళ్ళు కాగబెట్టకుంటే తిడతనని గూడ పెట్టుమను," అందట నర్సవ్వ. ఆటలో అవ్వ తిట్లన్నీ ఆమె గొంతుతోనే రికార్డు చేశాం.

కొత్త ఆటను అదే పిల్లలకిచ్చాం. చిక్కుపడినప్పుడల్లా నర్సవ్వ గడప దగ్గరికి పరుగెత్తి "అవ్వా, పైపు యాడుందే?" అని అడిగేవారట. "నీ ఫోన్ల నేనున్న గద, దాన్నే అడుగు," అని తరిమేదట. మానేసిన తల్లుల్లో ఒకామె బిడ్డను మళ్ళీ తెచ్చి ఆ ఉయ్యాలలో పడుకోబెట్టింది. రెండో ఆమె నేను రిటైరయ్యేదాకా తేలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం నీడబొమ్మ పరీక్షకు మరో ప్రశ్న చేర్చి అడిగాను. ఎవరో తెలుస్తోందా అన్నది పాత ప్రశ్న. తెలిస్తే దెబ్బ ఎవరికి అన్నది రెండోది. దానికి జవాబు స్టూడియోలో దొరకదు. గీత ఏ గల్లీ నుంచి వచ్చిందో ఆ గల్లీకి వెళ్ళి అడగాలి. సంతకం ఆ తర్వాతే.