వేళ్లకు అందని చల్లదనం

హారతి పళ్లెంలో కర్పూరం మంట బొటనవేలికి తగులుతున్నా వేదవ్యాస్ గారికి తెలియలేదు. "అయ్యగారూ, వేలండీ!" అని ఎదురుగా నిలబడ్డ రైతు జోగారావు కేక వేస్తేగాని చూసుకోలేదు.

గణపవరం పక్క పల్లెలో శివాలయానికి ఆయన అర్చకులు. అభిషేకమయ్యాక తడి చేత్తో స్వామిని నిమిరితే అరచేతికి తగిలే చల్లదనమే ఆయనకు సగం పూజ. కొన్నాళ్లుగా అది తగలడం లేదు. వేళ్లు దూదిలో చుట్టినట్టున్నాయి. ఎప్పుడూ నీళ్లలో నానడం వల్లనేమో అనుకున్నారు.

ఒంట్లో సత్తువ తగ్గిందని భార్య రత్నమాల పెరట్లో తిప్పతీగ కోసి రోజూ కషాయం కాచింది. "తాగండి. రోగనిరోధక శక్తి పెరుగుతుందటండీ." ఆయన కళ్లు మూసుకుని తీర్థంలా పుచ్చుకునేవారు. మొద్దుబారడం మాత్రం మణికట్టు దాకా పాకింది.

చివరికి జోగారావే తన కారులో ఇద్దరినీ ఏలూరు తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరు మైత్రేయి స్కానింగు చూసి నిదానంగా చెప్పింది.

"చెరువు మోటారు తీగకి తొడుగు ఉంటుంది కదండీ, నరానికీ అలాంటిదే ఉంటుంది. మైలిన్ అంటాం. ఒంటికి కాపలా కాసే కణాలే పొరబడి దాని మీద పడ్డాయి. అవి వదిలే ఎంజైములు ఆ తొడుగును కరిగించేస్తున్నాయి. అందుకే చేతి కబురు తలకు చేరట్లేదు. మీరు చెప్పిన ఆ తిప్పతీగ కషాయం ఆపేయండమ్మా. ఆ కాపలావాళ్లకు ఇంకా బలం పెట్టకూడదు."

రత్నమాల ముఖం పాలిపోయింది. "అయితే నా చేత్తోనే..."

"ఆ చేదు తప్పించారు, మీకు పుణ్యముంటుంది డాక్టరమ్మా," అన్నారాయన. ఏడవబోయిన మనిషి నవ్వేసింది. అప్పుడు మెల్లగా అడిగారు: "స్వామి చల్లదనం మళ్లీ తెలుస్తుందాండీ?"

"మందులు ఆ కణాలను అదుపులో పెడతాయి. పోయిన తొడుగు కొంత రావచ్చు, రాకపోవచ్చండి."

అప్పటి నుంచి రత్నమాల తమ్ముడు ఫణికిరణ్, తాడేపల్లిగూడెం ఆఫీసుకు వెళ్లేముందు బండి మీద వచ్చి అభిషేకం చేస్తున్నాడు. వేదవ్యాస్ గారు పక్కన కూర్చుని మంత్రం చెబుతారు.

"కాస్త మెల్లగా బావగారూ, నా పంచె ఇంకా నడుముకు నిలబడలేదు!"

కార్తీక సోమవారం నాడు ఆయన లేచి వచ్చి స్వామి మీద అరచెయ్యి ఆనించారు. చాలాసేపు ఆనించారు. ఏమీ తెలియలేదు. చెయ్యి తీయకుండానే, "ఎలా ఉన్నారోయ్ స్వామి?" అన్నారు.

ఫణికిరణ్ తన చెయ్యి ఆ చేతి పక్కనే పెట్టాడు. "చల్లగా ఉన్నారు బావగారూ. తెల్లారగట్ట కొల్లేటి గాలి తగిలినట్టుంది."

వేదవ్యాస్ గారు కళ్లు మూసుకున్నారు.

"ఇంకా చెప్పు," అన్నారు.