బడి గోడ పక్క ఇల్లు

2023 జూన్. నంద్యాలలో బడులు అప్పుడే తెరిచారు. ఊరు జిల్లా కేంద్రమయ్యాక ఇళ్ల బేరాలు ఊపందుకున్నాయి. ఇళ్లు, స్థలాలు కుదిర్చే మధ్యవర్తిగా నాకది పద్దెనిమిదో ఏడు. మా పనిలో ‘స్కూల్ ఏరియా’ అనే మాటకు బలం ఎక్కువ. పేరున్న బడి దగ్గరి వీధి అయితే, సెంటుకు లక్ష ఎక్కువ చెప్పినా తల్లిదండ్రులు గట్టిగా బేరమాడరు.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం బెంచీ మీద సాగింది. రిజిస్ట్రేషన్ చట్టం, విద్యాహక్కు చట్టం, వాటి నిబంధనలు ఓపిగ్గా చదివి గుర్తుపెట్టుకున్నాను. కొనేవాళ్ల ముందు వాటిని అప్పజెప్పడం నాకు గర్వంగా ఉండేది.

ఆ నెలలోనే ఆళ్లగడ్డ నుంచి రూతమ్మ, ఆమె భర్త దేవదానం వచ్చారు. ఆమె నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఏడున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరాలి. ఆయనకు ఆళ్లగడ్డ దగ్గర కౌలు పొలం ఉంది. వారంలో సగం రోజులు అక్కడే. నాలుగో తరగతికి వచ్చిన కూతురు షారోనుకు నంద్యాలలో మంచి పేరున్న బడిలో సీటు దొరికింది. ఇక ఇల్లు దొరకాలి. ఆ పిల్ల రోజూ ఒంటరిగా బడికి వెళ్లి రావాలి.

ఆ బడి వెనక గోడకు ఆనుకొని ఒక డాబా అమ్మకానికి ఉంది. మామూలుగా మేం ఇళ్లు ఆదివారమే చూపిస్తాం. కొనేవాళ్లకు సెలవు, వీధి కూడా నెమ్మదిగా ఉంటుంది. చర్చి అయ్యాక ఇద్దరూ వచ్చారు.

“ఐదో తరగతి లోపు పిల్లోళ్లకు బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలని నిబంధనమ్మా. మీకైతే గోడ అవతలే” అన్నాను.

దేవదానం నేల మీది టైల్స్ చూసి మురిసిపోయాడు. “గంట ఇనపడినాక లేసినా సాలు. ఇంగేం గావాల?”

రూతమ్మ గోడ వైపే చూస్తోంది. “గేటు యాడుందన్నా?”

“అవతల పక్క. ఎంతసేపమ్మా, ఇట్ల తిరుక్కుంటే వస్తాది.”

“మా పాప గోడ దూకి పోతాదా? నడక దూరమని నువ్వే అంటివి గదా. రేపు బడి టైముకు వస్తా. నడిచి సూద్దాం.”

బేరం వేరేవాళ్లకు పోకుండా ముందుగా ఇచ్చే సొమ్మును టోకెన్ అడ్వాన్స్ అంటాం. దేవదానం అది జేబులో పెట్టుకునే వచ్చాడు.

“ఏమ్మే, టోకెన్ ఇచ్చేకి వస్తిమి. సాయంత్రం ఇంగొకరు వస్తాండారంట.”

“వస్తే రానీ” అంది ఆమె.

సోమవారం ఆమె డ్యూటీ మార్చుకొని, పిల్లకు బడి సంచి తగిలించి, భర్తతో కలిసి తీసుకొచ్చింది. “నువ్వు ముందు నడువు. మేం ఎనకొస్తాం” అని చేయి వదిలేసింది. సందు చివర పాణ్యం పోయే రోడ్డు. ఆదివారం ఖాళీగా కనబడిన ఆ రోడ్డు మీద లారీలు, బడి బస్సులు, ఆటోలు. షారోను మూడుసార్లు కాలు ముందుకు పెట్టి మూడుసార్లూ వెనక్కి తీసుకుంది. నేను గబగబా వెళ్లి చేయి అందుకోబోయాను.

“పట్టుకోవాకన్నా” అంది రూతమ్మ. “రేపు నువ్వుండవు, నేనుండను.”

పిల్ల అక్కడ నిలబడి ఉండగానే బడి గంట మోగింది. మాకు స్పష్టంగా వినిపించింది. దేవదానం తలొంచుకున్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ‘నడక దూరం’ అన్న మాట కంఠతా వచ్చినవాణ్ని, ఆ గోడ చుట్టూ ఒక్కసారైనా నడిచి చూడలేదు.

రూతమ్మే పిల్లను రోడ్డు దాటించి గేటు దాకా తీసుకెళ్లింది. తిరిగొచ్చి, “ఇంటికాడి నుంచి కాదన్నా, గేటుకాడి నుంచి ఎతుకుదాం. పెద్ద రోడ్డు తగలని సందులే సూపీ” అంది.

అలా వారం వెతికితే ఒక రేకుల ఇల్లు దొరికింది. గేటుకు పన్నెండు నిమిషాల నడక. ఎవరూ స్కూల్ ఏరియా అనని సందు, ధర కూడా మామూలే. దేవదానానికి కోపం వచ్చింది.

“డాబా ఇడిసిపెట్టి రేకుల కిందికా? మావోళ్లు నవ్వుతారు.”

“నవ్వేటోళ్లు రోజూ వచ్చి బిడ్డను రోడ్డు దాటిస్తారా?”

ఆయన ఆ ఇంటి గోడ మొదట్లో మట్టిని చెప్పుతో గీకి నన్నడిగాడు: “రేపు స్లాబు ఏస్తే పునాది మోస్తాదా అప్పా?”

డాబా యజమాని నా మీద అలిగి ఆ ఇంటిని వేరే మధ్యవర్తికి ఇచ్చేశాడు.

రూతమ్మ వాళ్లు రేకుల ఇంట్లో దిగాక మొదటి సోమవారం పొద్దున మనసు ఆగక ఆ సందు మొదట్లో నిలబడ్డాను. షారోను తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, ఒక్కతే వస్తోంది.

“తోడు రానా పాపా?”

“వొద్దు మామా. నాకు దావ తెల్సు.”

గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్తున్నాను. కానీ బడి పిల్లలున్న కుటుంబానికి మాత్రం ఆదివారం ఇల్లు చూపించను. పనిరోజు పొద్దున బడి గేటు దగ్గరికి రమ్మని, అక్కడి నుంచి నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్తాను. కొందరు విసుక్కుంటారు. కొన్ని బేరాలు సగం దారిలోనే పోతాయి. పోనీ.