నాన్న కోసం చేసిన సీసా

వస్తువులకు ఆకారం ఇవ్వడం నా ఉద్యోగం. మిక్సీ మూత ఎటు తిప్పితే తెరుచుకోవాలి, ఫ్లాస్కు చేతిలోంచి జారకుండా ఎలా ఉండాలి, ఇలాంటివి గీసి, నమూనా చేసి కంపెనీకి ఇస్తాను. దీన్ని ప్రాడక్ట్ డిజైన్ అంటారని మా ఊళ్లో చెప్పడం ఎప్పుడో మానేశాను. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున, చేపల వేట మీద బతికే ఊరు మాది. ఎవరైనా అడిగితే మా అమ్మ "బెంగులూరులో సామాన్ల బొమ్మలు గీత్తాది" అనేది. అందులో తప్పేం లేదు.

ఈ పని మొదట నేర్చుకున్నది నాన్న దగ్గరే. వల అల్లే సూదిని ఆయన కొనేవాడు కాదు. వెదురు బద్ద చీల్చి, నున్నగా చెక్కి, బొటనవేలు ఆనే చోట కొంచెం లోతు చేసుకునేవాడు. నా వేలు కొలిచి నాకూ ఒక చిన్నది చేసిచ్చాడు. టెక్కలిలో ఇంజనీరింగ్ అయ్యాక డిజైన్ చదువుకి వెళ్తే, అక్కడి మాస్టార్లు ముందు మనిషిని చూడండి, తర్వాత గీయండి అనేవారు. నాకది కొత్త మాటలా అనిపించలేదు. ఇంటికి వెళ్తే ఇప్పటికీ చిరిగిన వల ముందేసుకుని కూర్చుంటాను. నాకున్న సరదా అదొక్కటే.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు నాన్న కిడ్నీలు పోయాయి. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే కాబట్టి ఆ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు, "ఈ ఇంటికీ వచ్చీసిందా" అంటారు. డయాలసిస్ పలాసలో. పొద్దున్నే ఆటో, టెక్కలిలో బస్సు మారడం, తిరిగొచ్చేటప్పుడు నాన్న తల అమ్మ భుజం మీద. ఒంట్లోకి వెళ్లిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, రోజంతటికీ కొలిచి కొంచెమే తాగాలని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నేను సెలవు పెట్టి ఇంటికి వచ్చేసరికి అమ్మ నీళ్ల బిందె వంటగదిలో పెట్టి తాళం వేసి ఉంచింది.

"గుక్కెడు నీల్లియ్యే. గొంతుక ఎండిపోతంది," అన్నాడు నాన్న.

"ఇందాకలే కదేటి తాగినావు! డాక్టరుబాబు ఏటన్నాడు?"

"నానేటి దొంగనేటే, తాళాలేసుకుంతన్నావు?"

అమ్మ ఏడుస్తూ తాళం తీసింది. ఆయన చెంబు ఎత్తి గొంతులో పోసుకున్నాడు. ఎంత లోపలికి వెళ్లిందో ఆయనకీ తెలియదు, అమ్మకీ తెలియదు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి, ఆయాసం మొదలైంది.

ఆ సెలవంతా నేను ఆయన్ని చూస్తూ గడిపాను. దాహం కన్నా, అడగాల్సి రావడం ఆయన్ని ఎక్కువ కుంగదీస్తోందని అర్థమైంది. అందుకే నీళ్లు ఆయన చేతిలోనే ఉండాలనుకున్నాను. పొద్దున్నే ఆ రోజు తాగాల్సిన నీళ్లన్నీ పోసి ఇచ్చే సీసా ఒకటి గీశాను. వంచితే పైనున్న చిన్న గిన్నెలోకి ఒక్క గుక్క మాత్రమే దిగుతుంది. సాయంత్రం దాకా ఇంకెంత మిగిలిందో పక్కనున్న గీత చూపిస్తుంది. మొదటి నమూనాని నాన్న విసిరికొట్టాడు.

"మూతి ఇరుగ్గా ఉన్నాది. నీల్లు తాగినట్టు లేదు, సీసా నాకినట్టున్నాది."

గిన్నె అంచు వెడల్పు చేశాను. పెదవులు తడిసే తృప్తి అప్పుడు వచ్చిందన్నాడు. అమ్మ వంటగదికి తాళం వేయడం మానేసింది.

పలాసకి డయాలసిస్‌కి నేనూ వెంట వెళ్లినప్పుడు, పక్క మంచం మీదాయన ఆ సీసా చూశాడు. "ఏటి మావా అది? ఎక్కడ కొన్నావు?"

"కొన్నది కాదు. మా అమ్మి సేసింది."

"నాకూ ఓటి సేసిపెట్టమ్మా. నీల్లకాడ మా ఇంటిది నన్ను సంపేత్తంది."

అక్కడున్న వాళ్లంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. అందరికీ చేయిస్తానని మాటిచ్చాను.

మా కంపెనీలో చూపించాను. మా పై అధికారి ముచ్చటపడ్డాడు. కానీ రోగుల సీసా అంటే చూస్తేనే దిగులు, ఎవరు కొంటారు అన్నాడు. తర్వాతి మీటింగులో దాన్ని తలకిందులు చేసేశారు. ఎంత మిగిలిందో చెప్పే గీత, ఇంకా ఎంత తాగాలో చెప్పే గీత అయింది. తాగడం మరిచిపోతే మూతలో నీలం దీపం వెలుగుతుంది. ప్రకటనలో ఒకమ్మాయి సముద్రం ఒడ్డున పరుగెత్తి వచ్చి ఆ సీసా ఎత్తుతుంది. ఇది తక్కువ తాగాల్సిన వాళ్ల కోసం చేసిందని నేను చెబుతూనే ఉన్నాను. ఎక్కువ తాగాలనుకునే వాళ్లే ఎక్కువమంది ఉన్నారని ఆయన నవ్వాడు.

పోనీ, ప్లాస్టిక్ అచ్చులు పోసే చోట నేనే చేయిద్దామని విశాఖలో మాట్లాడుకున్నాను. ఆ సంగతి తెలిసి కంపెనీ లాయరు పిలిచాడు. ఉద్యోగంలో ఉండగా నాకు తట్టినదంతా కంపెనీదేనని, బయట చేయిస్తే కేసవుతుందని మర్యాదగానే చెప్పాడు.

పలాస వెళ్లి ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

"మీ నాన్నకి సేసినావు గదమ్మా," అన్నాడు పక్క మంచం మీదాయన. కోపంగా కూడా అనలేదు. నేను వివరించబోతుంటే అటు తిరిగి పడుకున్నాడు.

ఆ వానాకాలంలో నాన్న పోయాడు. నాన్న సీసాని పలాసలో ఆ పక్క మంచం మీదాయనకి ఇచ్చి రమ్మని అమ్మ తెలిసిన ఆటో అతనితో పంపింది. సీసా తిరిగొచ్చింది. ఆయన కూడా లేడట.

తర్వాత అమ్మ పింఛను పని మీద టెక్కలిలో ఒక ఆఫీసుకి వెళ్లాం. అధికారి బల్ల మీద మా కంపెనీ సీసా ఉంది. మేం కూర్చుని ఉండగానే నీలం దీపం వెలిగింది. "మా అమ్మాయి కొనిచ్చింది. ఊరుకోదు, తాగమని పోరుతుంది," అని ఆయన నవ్వి, గుక్క మీద గుక్క తాగాడు. ఎండలో వచ్చారు, మంచినీళ్లు తెప్పించనా అని అమ్మని అడిగాడు. మంచి మనిషే. అమ్మ వద్దంది.

బయటికి వచ్చాక అడిగింది. "అది నువ్వు మీ నాన్నకి సేసిందే కదేటి?"

"అదేనమ్మా."

"మరి ఆ దీపమేటి?"

"నీల్లు తాగమని గుర్తుసేత్తాది."

"తాగమనా?" అంది అమ్మ. నా మొహంలోకి చూసింది. బస్సు వైపు నడిచింది.

ఆ ఉద్యోగం మానేసి మరో కంపెనీలో చేరాను. ఇక్కడి ఒప్పందంలోనూ, నాకు తట్టినదంతా కంపెనీదేనన్న అదే షరతు ఉంది. సంతకం పెట్టాను. ఇప్పుడు పిల్లల టిఫిన్ డబ్బాలకు మూతలు గీస్తున్నాను. ఊరు వెళ్లినప్పుడు అక్కడివాళ్లకి పనికొచ్చేది ఏదైనా తడుతూనే ఉంటుంది. కాగితం మీద మాత్రం పెట్టను.