వార్డ్‌రోబ్ లోపలి గోడ

చదువు కోసం వచ్చిన కొత్తలో ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ముగ్గురం ఆడపిల్లలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఒకామెది విజయవాడ వైపు. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం చేసేది. మాకన్నా పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. రెండో అమ్మాయిది హైదరాబాద్, నా క్లాస్‌మేట్. వాళ్లిద్దరూ పెద్ద గది పంచుకున్నారు. నాకు కిటికీ లేని చిన్న గది వచ్చింది. కిటికీ లేదని చూసినవాళ్లంతా జాలిపడ్డారు గానీ, నాకు ఆ గది నచ్చింది. అందులో గోడలోకి కట్టిన వార్డ్‌రోబ్ ఇంకా నచ్చింది.

క్లాసులయ్యాక ఒక కెఫేలో గిన్నెలు కడిగేదాన్ని. కాఫీ మెషిన్ బుస్సుమనడం, ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పడటం, బయటికొస్తే బస్సుల బ్రేకులు. అందరికీ వినిపించేవే. నాకు మాత్రం చెవుల్లోంచి పళ్లలోకి దిగేవి. ఇంటికి రాగానే వార్డ్‌రోబ్‌లో వేలాడే బట్టల కింద దూరి, తలుపు జరిపేసి కూర్చునేదాన్ని. ఫోన్ లైటు వేసుకుని పెన్సిల్‌తో లోపలి గోడమీద ఆ రోజు విన్న చప్పుళ్లు గీసేదాన్ని. బస్సు బ్రేకు అంటే ఒకదాన్నొకటి ఒరుసుకునే ఏటవాలు గీతలు. కుక్కర్ విజిల్ అంటే నల్లగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడే ముల్లు. గీశాక ఆ చప్పుడు నన్ను వదిలేది. ఊపిరి మామూలయ్యేది.

దాన్ని బొమ్మ వేయడం అని నేనెప్పుడూ అనుకోలేదు. గోళ్లు కొరుక్కోవడం లాంటి పాడలవాటు అనుకున్నాను. ఇంత వయసొచ్చి అద్దె ఇంటి గోడ ఖరాబు చేయడమేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మర్నాడు మళ్లీ గీసేదాన్ని.

ఫ్లాట్ చూసుకునే ఏజెన్సీ వాళ్లు కొన్ని నెలలకోసారి ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు. వాళ్లొచ్చే రోజు అక్క స్టవ్ తోమింది, క్లాస్‌మేట్ బాత్‌రూమ్ కడిగింది. నేను చలికోటు, పొడుగు డ్రెస్సులు అన్నీ ఆ గోడకు అడ్డంగా వేలాడదీశాను. ఒక్కటి మరిచిపోయాను. చలికాలంలో ఇక్కడి ఇళ్ల గోడలకు తేమతో బూజు పడుతుంది. వాళ్లు ముందు చూసేది వార్డ్‌రోబ్‌ల లోపలే.

వచ్చినామెకు నా వయసే ఉంటుంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, చేతిలో ట్యాబ్లెట్‌తో మర్యాదగా లోపలికొచ్చింది. నా గదిలో వార్డ్‌రోబ్ తీసి, బట్టలు పక్కకు జరిపి "ఓ!" అని ఆగిపోయింది. అది విని మిగతా ఇద్దరూ వచ్చారు. ముగ్గురూ వంగి చూశారు. నేలనుంచి, కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తుదాకా పెన్సిల్ గీతలు. కింద ఒక దిండు, నీళ్ల సీసా, చప్పుడు వినబడకుండా రోడ్డు పనివాళ్లు చెవులకు పెట్టుకునే ఎర్రటి ఇయర్‌మఫ్స్. గీతలు చూసినందుకన్నా ఆ మూడింటినీ చూసినందుకు నా ప్రాణం చచ్చిపోయింది. స్నానం చేస్తుండగా ఎవరో తలుపు తీసినట్టనిపించింది.

"ఇది ఎవరు చేశారు?" అని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

నాకు మాట రాలేదు. భయమెక్కువైతే నాకు మాట నిజంగానే పోతుంది. నోట్లో నాలుక ఉంటుంది, దానికి ఏం చేయాలో తెలియదు. చేతులు వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. వెనక్కి కట్టుకున్నాను.

"ఇదేందే, చిన్నపిల్లల్లెక్క గోడమీద గీసినవ్?" అని క్లాస్‌మేట్ నవ్వింది. తర్వాత దిండు కనబడి నవ్వు ఆపేసింది. "ఇండ్ల కూసుంటున్నవా నువ్వు?"

ఏజెన్సీ ఆమె ఫోటోలు తీసుకుంది. మళ్లీ వచ్చేసరికి శుభ్రం చేసి పెయింట్ వేయాలంది. నా ముఖం చూసి, పర్లేదని కూడా అంది. ఆ పర్లేదు వినలేకపోయాను.

ఆమె వెళ్లాక క్లాస్‌మేట్ నా గది గుమ్మంలోనే నిలబడింది. వీకెండ్లలో తన ఫ్రెండ్స్ వచ్చినప్పుడల్లా నేను లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమని తనకిప్పుడు తట్టింది.

"అంటే లైబ్రరీ గిట్ల ఏం లేదు. మేం మాట్లాడుకున్నయన్నీ ఇండ్లనే కూసోని విన్నవా?"

విన్నాను. నాకు పోజు ఎక్కువని, ఎవరితోనూ కలవనని తను వాళ్లతో అనడం కూడా విన్నాను. ఆ మాటకు బాధపడాల్సింది నేను. కానీ తన కళ్లల్లో నీళ్లు చూసి నేనే తలదించుకున్నాను.

"మేం నిన్నేమన్న సతాయిస్తున్నమా? మాకు కనబడకుంట దాక్కునుడేంది?"

కాదని చెప్పాలనుకున్నాను. నువ్వంటే ఇష్టమే, నీ నవ్వే నా తలలో గాజు పగిలినట్టుంటుంది అని ఎవరికైనా ఎలా చెప్పాలి? తల అడ్డంగా ఊపాను. తను తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయింది.

సాయంత్రం అక్క వచ్చి వార్డ్‌రోబ్ ముందు నేలమీద కూర్చుంది. ఫోన్ లైటు వేసి గోడంతా నిదానంగా చూసింది.

"ఇదేంటే?"

"బస్సు బ్రేకు."

"ఇదో?"

"కుక్కర్."

"మరి నేనున్నానా ఇందులో?"

ఒక మూల చూపించాను. ఆమె అడుగు ఈడుస్తూ నడుస్తుంది. ఆ చెప్పుల చప్పుడు అక్కడ మెత్తటి వంపులుగా పక్కపక్కనే ఉంది. అక్క దాన్ని వేలితో తడిమింది.

"మా రెస్ట్‌హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. ట్రాలీ చప్పుడైతే చెవులు మూసుకుని ఊగతా ఉంటాడు. ఆటిజం అంట. మేం ఆయన గదివైపు ట్రాలీ తీసుకెళ్లడం మానేశాం, అంతే. నువ్వొకసారి డాక్టర్ని అడగరాదూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజనీరింగ్ చదివి ఇంత దూరం వచ్చిన నన్ను పట్టుకుని ఆ పెద్దాయనతో పోలుస్తుందా! "నాకేం లేదక్కా" అన్నాను. అంటున్నప్పుడు కూడా నా వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు స్పాంజ్, సబ్బునీళ్లు తెచ్చుకుని గోడ రుద్దాను. "ఒక్క ఫోటో అన్నా తీసుకోవే" అంది అక్క. వద్దన్నాను. గీతలు ఒకంతట చెరగలేదు, అలుక్కుపోయాయి. బకెట్లో నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. అక్క నా పక్కన కూర్చుని తనూ రుద్దింది గానీ, చెప్పుల మూల జోలికి రాలేదు. అది నేనే తుడిచాను. ఆరాక తెల్లరంగు వేశాం.

సెమిస్టర్ అయ్యాక క్లాస్‌మేట్ వేరే ఫ్లాట్‌కి మారిపోయింది. అక్కకు వెల్లింగ్టన్‌లో ఉద్యోగం వచ్చింది. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అక్క చెప్పినట్టే, స్పెషలిస్టు కూడా ఆటిజం అనే చెప్పింది. నేను తేలికపడతానని అనుకుందేమో, చిన్నగా నవ్వింది. నేను బస్సెక్కి, ఎవరైనా నా ముఖం చూసి కనిపెడతారేమోనని దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. అమ్మకు వీడియో కాల్‌లో చెప్పడానికి కూడా నెలలు పట్టింది. విని, లేచి వెళ్లి గది తలుపు వేసొచ్చింది. తర్వాత, "ఎవరితో అనకు" అంది. నేనూ అదే అనుకుంటున్నానని ఆమెతో అనలేదు. క్లాస్‌మేట్‌కు ఇప్పటికీ చెప్పలేదు. మెసేజ్ రాసి చెరిపేస్తుంటాను.

ఇప్పుడు ఆక్లాండ్ శివారులో, టకానినిలో ఉంటున్నాను. ఉద్యోగం ఇంటినుంచే. శనివారాలు దగ్గర్లో ఒక ఆర్ట్ రూమ్‌కి వెళ్తాను. అక్కడ ఎవరినీ పలకరించకపోయినా తప్పుపట్టరు. నా అంత పొడుగు కాగితాలు నేలమీద పరుచుకుని గీస్తాను. మొన్నామధ్య అక్కడి టీచర్ ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేసి, నా కాగితం కూడా ఒకటి పెట్టింది. రైలొచ్చేటప్పుడు గేటు దగ్గర మోగే గంట అది. నా పేరు మాత్రం నేనే రాయనివ్వలేదు.

ఆ రోజు నేనూ ఎవరిదో చూడటానికి వచ్చినదానిలా దూరంగా నిలబడ్డాను. ఒక ఆంటీ దాని ముందు ఆగి, చుట్టూ చూసి, నావైపు తిరిగింది.

"తెలుగేనా అమ్మా? ఇది నువ్వు వేసిందా?"

"కాదాంటీ."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, చెవులు అంత వేడెక్కాయి.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని ఇంకోసారి చూసింది. "ఎవరేశారో గానీ, చూస్తుంటే తలనొప్పి వస్తోందమ్మా. చెవిలో ఏదో మోగుతున్నట్టుంది."

మామూలుగా నేను మనుషుల ముఖాల వైపు చూడను. అప్పుడు చూశాను. ఆమె నిజంగానే కణత నొక్కుకుంటోంది.

"నేనే వేశాను ఆంటీ" అన్నాను.

"అయ్యో, ఏమనుకోకమ్మా, నేనేదో..."

"లేదాంటీ. అలాగే అనిపించాలి. నాకూ అలాగే ఉంటుంది."

ఆమె నా భుజం తట్టబోయింది. నేను చటుక్కున వెనక్కి తగ్గాను. ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. నాకు భూమిలోకి కుంగిపోయినంత పనైంది. ఆమె చెయ్యి దించుకుని, వెళ్లిపోకుండా, నాకు కొంచెం ఎడంగా నిలబడింది.

"చప్పుళ్లంటే ఎప్పుడూ ఇంతేనా నీకు?"

"ఎప్పుడూ ఇంతే ఆంటీ."

ముఖం ఇంకా మండుతూనే ఉంది. బయటికి వెళ్లే తలుపు ఎటుందో చూసుకున్నాను కూడా. అయినా కదల్లేదు.