పద్నాలుగో పని

క్రిస్టినా టీచరుకి దేవుడి మీద కోపం లేదు. కోపమంతా ఆయన తన చుట్టూ పెట్టిన మనుషుల మీదే.

నలభై ఆరేళ్ల మనిషి. కాపురం పటమటలో, ఉద్యోగం ఉయ్యూరు అవతల ఒక పల్లెటూరి బడిలో. పొద్దున్నే బస్సెక్కితే, చెరకు కొట్టే రోజుల్లో ఆ బస్సు ట్రాక్టర్ల వెనకాల దేక్కుంటూ వెళుతుంది. రొప్పుతూ బడికి చేరి హాజరు కోసం ఫోనుకి ముఖం చూపిస్తే, ఆలస్యమైందని అది ఎర్రక్షరాలతో మొట్టికాయ వేస్తుంది. చెరకు ట్రాక్టరు సంగతి ఫోనుకి ఎవరు చెప్పాలి? పోనీ పాఠం మొదలెడదామా అంటే ముందు ఫొటోలు. ఉడికిన గుడ్లకో ఫొటో, తింటున్న పిల్లలకో ఫొటో, కడిగిన మరుగుదొడ్లకో ఫొటో. ఎమ్మే తెలుగులో ఫస్టుక్లాసు తెచ్చుకున్నది ఇందుకా అని ఒకరోజు హెడ్‌మాస్టరు జానకిరామయ్యగారినే అడిగేసింది. ఆయన నొచ్చుకోలేదు. "నేను ఎమ్మెస్సీ అండీ. మీకంటే ముందునుంచీ తీస్తున్నా" అన్నాడు.

ఇంటికొస్తే ఇల్లు. భర్త ఎలీషాకి ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉంది. మంచివాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇరవై అడుగుల లారీకి కంటిచూపుతో కొలత చెప్పగలడు కానీ, వంటింట్లో పంచదార డబ్బా ఆయన కంటికి ఆనదు. అత్తగారు మార్తమ్మకి మోకాలి ఆపరేషనై మూడు నెలలైంది. రోజూ హాల్లో పది అడుగులు వేయించమన్నాడు డాక్టరు. కోడలు చెయ్యి పట్టుకుంటేనే ఆవిడ అడుగు పడుతుంది. కొడుకు పట్టుకుంటే పడిపోతానని భయం, మనవరాలు పట్టుకుంటే దాని చదువు పాడవుతుందని బెంగ. ఇంటర్ చదివే కూతురు సుస్మిత, నాలుగింటికి లేపమని చెప్పి పడుకుంటుంది. లేపితే ఎందుకు లేపావని కసురుకుంటుంది.

ఇవి చాలనట్టు చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ పదవి. ఏడేళ్ల నుంచీ అదే వరస. కొత్తవాళ్లు ఎవరైనా తీసుకుంటారా అని పాస్టరమ్మగారు ఏటా అడుగుతారు. అందరూ తల దించుకుని చాప పుల్లలు గిల్లుతూ కూర్చుంటారు. ఆఖరికి ఎవరో ఒకరు "క్రిస్టినాగారైతేనే బాగా చేస్తారండీ" అంటారు. చప్పట్లు. చర్చి కర్టెన్లు ఉతికించేది ఆమె, కుర్చీలు సర్దించేది ఆమె, ఉపవాస ప్రార్థన అయ్యాక ఉపవాసం విడవడానికి పెరుగన్నం కలిపి తెచ్చేదీ ఆమే. బరువు మోసేవాళ్లంతా నా దగ్గరికి రండి, విశ్రాంతి ఇస్తానన్న ప్రభువు మాట ఆ చర్చి గోడ మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. ఆ పెయింటర్ని మూడుసార్లు బతిమాలి పట్టుకొచ్చింది కూడా క్రిస్టినాయే. వాడు రాస్తున్నంతసేపూ నిచ్చెన పట్టుకుని నిలబడింది.

ఇదంతా మోయలేక కాదు. మోస్తూనే ఉంది. ఆమెని లోపల్లోపల భయపెడుతున్నది వేరే. మూడు నెలలుగా ఆమెకి ప్రార్థన రావడం లేదు. కళ్లు మూసుకుని "ప్రభువా" అంటుంది. అన్న మరుక్షణం పాలవాడికి రేపు వద్దని చెప్పలేదని గుర్తొస్తుంది. మళ్లీ "ప్రభువా" అంటుంది. ఈసారి బీపీ మాత్రలు. చిన్నప్పటి నుంచీ ఏడుపొచ్చినా నవ్వొచ్చినా ముందు ఆయనతోనే చెప్పుకున్న మనిషికి, ఇప్పుడు ఆయనతో చెప్పడానికి ఒక్క ముక్క దొరకడం లేదు. తన భక్తి ఎండిపోయిందనుకుంది. ఎండిపోయినదాన్ని పట్టుకుని సెక్రటరీగా ముందు వరుసలో కూర్చోవడం దొంగతనంగా తోచింది. అందుకే ఈ రెండో శనివారం ఉపవాస ప్రార్థన అయిపోగానే పాస్టరమ్మగారికి చెప్పేయాలని తీర్మానించుకుంది. సెక్రటరీ పని మానేస్తాను. కొన్నాళ్లు చర్చికి రావడం కూడా మానేస్తాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్లని ఓదార్చే పని ఇంకొకటి నెత్తినపడుతుంది.

ఆ చర్చిలో ఉపవాస ప్రార్థనకి ఒక పద్ధతుంది. వచ్చిన ఆడవాళ్లు తమ విన్నపం ఒక చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా, కానుకల సంచిలో వేస్తారు. పాస్టరమ్మ హన్నాగారు ఒక్కో చీటీ తీసి పైకి చదువుతారు. అందరూ ఆమేన్ అంటారు. తర్వాత "ఇది ఎవరు తీసుకుంటారు?" అని అడుగుతారు. ఒకరు చెయ్యెత్తి ఆ చీటీ తీసుకుని, దాని కోసం మోకరించి ప్రార్థిస్తారు. సంచిలో వేసిన చీటీని చదవకుండా పక్కన పెట్టడంగానీ మధ్యలో ఆపడంగానీ లేదు. చీటీల కాగితాలు తెచ్చే బాధ్యత ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. బడిలో పాత జవాబు పత్రాలు నాలుగు ముక్కలుగా చింపి, వెనకవైపు ఖాళీ ఉన్నవి ఏరి తెస్తుంది. తన పనుల జాబితా రాసుకునేదీ ఆ ముక్కల మీదే.

ఆ శనివారం పొద్దున పెరుగన్నానికి పోపు వేస్తూ రెండు ముక్కల మీద రాసింది. ఒకటి పనుల చీటీ. రెండోది విన్నపం, ఏడేళ్లుగా ఒకే విన్నపం: సంఘ క్షేమం కొరకు, దేశ నాయకుల కొరకు. తన ఇంటి సంగతి ఆ చీటీలో ఏనాడూ రాయలేదు. సెక్రటరీకి బాగుండదని. రెండూ బ్యాగులో వేసుకుని, గిన్నె చంకన పెట్టుకుని, ఆటో ఎక్కింది. సంచి తన ముందుకొచ్చినప్పుడు చేతికందిన కాగితం వేసేసింది.

నాలుగో చీటీ విప్పి హన్నాగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అత్తయ్య బీపీ మాత్రలు" అని చదివారు.

"ఆమేన్" అన్నారు ఇరవై మంది ఆడవాళ్లు. క్రిస్టినా కూడా అంది, ఎవరి అత్తగారో పాపం అనుకుంటూ.

"మోకాలి బెల్టు చిన్నదైంది, మార్చాలి."

"ఆమేన్."

క్రిస్టినా బ్యాగు తెరిచి చూసింది. లోపల సంఘ క్షేమం, దేశ నాయకులు భద్రంగా ఉన్నారు.

"సుస్మిత ఫిజిక్స్ రికార్డుకి అట్ట. మరుగుదొడ్ల ఫొటోలు, పెండింగు పదకొండు."

ఈ ఆమేన్ సగం మంది దగ్గరే ఆగిపోయింది. మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. క్రిస్టినా లేచి నిలబడింది.

"అమ్మగారూ, అది విన్నపం కాదండీ! నా పనుల చీటీ. పొరపాటున పడింది, ఇటిచ్చేయండి."

హన్నాగారు ఇవ్వబోయారు కూడా. క్రిస్టినా పక్కన కూర్చున్న సువార్తమ్మ అడ్డుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ, పాత సెక్రటరీ, అసలు ఈ చీటీల పద్ధతి పెట్టిందే ఆవిడ.

"సంచిలో పడ్డాక ఇచ్చేదేంటి? చదువమ్మా" అంది. క్రిస్టినా కొంగు పట్టుకుని లాగి, "కూర్చోవే" అంది.

"మామ్మా, నవ్వులాటగా ఉందా?"

"ఎవరు నవ్వారు? నవ్వినదాన్ని తర్వాత నేను చూస్తాగా. కూర్చో."

హన్నాగారు చదువుతూనే ఉన్నారు. ఇడ్లీ పిండి రుబ్బాలి, ఆమేన్. చర్చి కర్టెన్లు ఉతికించాలి, ఆమేన్. పాలవాడు, గ్యాసు, అత్తయ్యని నడిపించడం, ఇంకా ఏవేవో. క్రిస్టినాకి చెవులు కాలిపోతున్నాయి. తలుపు వైపు చూసింది. పరుగెత్తుదామంటే కొంగు ముసలావిడ గుప్పిట్లో ఉంది. పదమూడోది చదవబోయి హన్నాగారు ఆగారు. పద్ధతి పద్ధతే కనక గొంతు సవరించుకుని చదివారు.

"పాస్టరమ్మగారికి చెప్పాలి. ఇక నావల్ల కాదు."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"పద్నాలుగు. ప్రార్థన, టైముంటే."

క్రిస్టినాకి ఏడుపు రావలసింది. కోపం వచ్చింది.

"అయిందా? అందరూ విన్నారుగా? అవును, టైముంటేనే. మూడు నెలల నుంచీ అదీ లేదు. కళ్లు మూస్తే ఈ చీటీయే కనపడుతోంది నాకు, దేవుడు కనపడట్లేదు. మీ కుర్చీలు, మీ కర్టెన్లు, మీ పెరుగన్నం! ఒక్కరోజు, ఒక్కరోజన్నా ఎవరైనా ఆ గిన్నె అందుకున్నారా నా చేతిలోంచి? రాజీనామా అనుకోండి, ఏమన్నా అనుకోండి. నేను అలిసిపోయానండీ."

"మరి ఆ చీటీయే చదివావన్నమాట, మూడు నెలలూ ఆయనకి" అంది సువార్తమ్మ.

"ఆయనకి కాదు మామ్మా. నాకు నేనే చదువుకున్నా."

"పక్కనే ఉన్నాడుగా. వినపడదా?"

ఆ మాటకి క్రిస్టినాకి ఇంకా ఒళ్లు మండింది.

హన్నాగారికి ముఖం కందిపోయింది. ఏడేళ్లూ ఏటా "ఎవరైనా తీసుకుంటారా" అని అడిగింది తనే కదా. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ చీటీని వరసలవారీగా చింపి, మొదటి ముక్క పట్టుకుని, మామూలుగా కాక చాలా నెమ్మదిగా అడిగారు.

"బీపీ మాత్రలు ఎవరు తీసుకుంటారు?"

ఒకావిడ చెయ్యెత్తింది. "ప్రార్థనా చేస్తానండీ, మాత్రలూ తెస్తాను. మందుల షాపు మా సందులోనే."

"ఐదు ఎంజీ" అంది క్రిస్టినా, కోపం తగ్గకుండానే. "పది కాదు. పేరు సరిగ్గా చూసి తీసుకోండి." తప్పు మాత్రలు తెస్తుందని ఆమెకి రూఢిగా తెలుసు.

మోకాలి బెల్టు ఇంకొకరు తీసుకున్నారు. అత్తగారిని నడిపించడానికి సాయంత్రం నేనొస్తానని ఒక నర్సమ్మ అంది. అత్తయ్య చెయ్యి పట్టుకోనివ్వదని క్రిస్టినా అంటే, నేను ఎంతమందిని నడిపించలేదని నర్సమ్మ ఎదురు తిరిగింది. కిసుక్కుమన్న మనిషిని సువార్తమ్మ వెతికి మరీ పట్టుకుని, కర్టెన్లు అంటగట్టింది. ఇడ్లీ పిండి కోసం ఒక పెద్దావిడ నిజంగానే మోకరించి, ప్రభువా ఈ బిడ్డ చేతులకి విరామం ఇవ్వు అని గొంతెత్తి ప్రార్థించింది. మరుగుదొడ్ల ఫొటోలు ఎవరూ తీసుకోలేదు. అవి క్రిస్టినాకే మిగిలాయి. పదమూడో ముక్కని హన్నాగారు మడిచి తన బైబిల్లో పెట్టుకున్నారు.

"పద్నాలుగోది నాది" అంది సువార్తమ్మ. "అది నేను చేస్తా. నువ్వు పడుకో."

"పడుకోవడమేంటి మామ్మా? ఉపవాస ప్రార్థనలోనా?"

"ఏం? అంత తుఫానులో ప్రభువు పడవలో తలగడ వేసుకుని మరీ పడుకోలా? నీది ఆయన పని కంటే పెద్దదేంటే? పడుకో."

వాదించడానికి క్రిస్టినా దగ్గర బోలెడు మాటలున్నాయి. ఓపికే లేదు. కాసేపు నడుం వాలుస్తానంతే అని, గోడ పక్కన చాప మీద బ్యాగు తలకింద పెట్టుకుని ఒరిగింది. ఆడవాళ్లు తలా ఒక ముక్క పట్టుకుని పైకి ప్రార్థిస్తున్నారు. ఆ గొంతుల్లో తన అత్తగారి పేరు వినపడింది, కూతురి పేరు వినపడింది. ముసలావిడ గొంతు మాత్రం తన తల దగ్గరే గొణుగుతోంది. తనకి మూడు నెలలుగా దొరకని మాటలు ఆవిడకి అంత తేలిగ్గా ఎలా దొరుకుతున్నాయో అని చిరాకు పడింది. ఆ చిరాకు పూర్తికాకుండానే నిద్రపోయింది.

ఎంతసేపైందో తెలియదు. తన గురకకి తనకే మెలకువ వచ్చింది. ఎవరో తన తలకింద బ్యాగు తీసి మడతపెట్టిన దుప్పటి పెట్టారు. బ్యాగులో ఉండాల్సిన ఫోను సువార్తమ్మ చెవి దగ్గరుంది.

"ఆఁ, ఎలీషా! పంచదారా? నాకేం తెలుసయ్యా మీ ఇంట్లో పంచదార ఎక్కడుందో. వెతుక్కో... మీ ఆవిడా? ప్రార్థనలో ఉంది... ఆ చప్పుడా? ప్రార్థనేనయ్యా, గట్టిగా చేస్తోంది. అట్టా చేసేటప్పుడు మనిషిని లేపకూడదు. పెట్టేస్తున్నా."

పంచదార స్టౌ పక్కనే, ఎర్రమూత డబ్బాలో ఉంది. క్రిస్టినాకి నాలుక చివరిదాకా వచ్చింది. లేచి ఫోను లాక్కుని చెబుదామనుకుంది. ఇంత పచ్చి అబద్ధం చర్చిలో కూర్చుని ఎట్లా ఆడతావు మామ్మా అని కూడా అడుగుదామనుకుంది.

ప్రభువా, అనుకుంది. ఆ తర్వాత ఏ పనీ గుర్తు రాలేదు. అటు తిరిగి పడుకుంది.