పథ్యాలక్క మాట మార్చింది

ఆ వీధిలో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆ తర్వాత పథ్యాలక్క దగ్గరికి వస్తారు. మందు రాసేది ఆయన, నోరు కట్టించేది ఈవిడ. జలుబుకు పెరుగు మాన్పిస్తుంది, కడుపునొప్పికి నూనె మాన్పిస్తుంది, ఏ జబ్బూ లేకపోతే ముందుజాగ్రత్తగా ఏదో ఒకటి మాన్పిస్తుంది. 'లంకణం పరమౌషధం' అన్న మాట ఈవిడ నోట వినని గడప లేదు. నవ్వకండి. ఎవరు మంచాన పడ్డా పిలవకుండానే వెళ్లి, జావ కాచి తాగించి, గిన్నెలు కూడా తోమిపెట్టి వచ్చే మనుషులు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి వడ్రంగిపనిలో పెట్టింది. ముందుగదిలో వాడి రంపం, వెనకగదిలో ఈవిడ పొయ్యి. చెక్కపొట్టు అన్నంలో పడుతోందని రోజూ తిట్టేది, తిట్టి వడ్డించేది.

ఒకరోజు పదునుపెట్టిన ఉలి జారి వాడి కుడికాలి బొటనవేలి మీద పడింది. ఆస్పత్రిలో కుట్లు వేసి పంపారు. ఇంటికి రాగానే అక్క రంగంలోకి దిగింది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పులుపు పేరే ఎత్తొద్దు. ఇక మిగిలింది పలచటి జావ.

"దెబ్బ తగిలింది కాలికైతే శిక్ష నోటికేంటే అక్కా?" అని వాడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా వాడు తిననిది తనకెందుకని ఆవిడా ఆ జావే తాగింది. మొండితనమే కాని, అందులో మోసం లేదు.

కుట్లు విప్పినా పుండు మానలేదు. వారాలు గడిచాయి, వాడి బుగ్గలు పీక్కుపోయాయి. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. వడ్రంగికి ఆ వేలు మూడో చెయ్యి. చెక్కను కాలితో తొక్కిపట్టే వాడు రంపం లాగేది. అక్క ఇంటికొచ్చి జావను ఇంకాస్త పలచన చేసింది. భయపడ్డ మనిషి తెలిసిన పనినే ఇంకా గట్టిగా చేస్తుంది మరి.

తర్వాతిసారి కట్టు మార్చిన నర్సు పుండు చూసి, వాడి పిక్కలు చూసి, అక్క వైపు తిరిగింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"పథ్యం బాగా కట్టుదిట్టంగా చేయిస్తున్నానమ్మా" అంటూ అక్క మాన్పించినవన్నీ గర్వంగా చెప్పుకొచ్చింది.

నర్సు కసురుకోలేదు. "గోడ కూలితే ఇటుకలతో కడతామా, నీళ్లతో కడతామా? కొత్త కండకు గుడ్డో పప్పో చేపో, ఏదో ఒకటి పడాలి. మీరు పెట్టకపోతే ఒళ్లు ఉన్న కండనే కరిగించుకుంటుంది. ఆ పిక్కలు చూడండి. పులుపు మానిపించారు, మరి నిమ్మో బత్తాయో తినకపోతే కొత్త కండకు పట్టు ఎక్కడిది?"

"చీము పట్టదూ?"

"చీము మురికితో వస్తుంది, క్రిములతో వస్తుంది. గుడ్డుతో రాదు."

"అయితే పథ్యం మానెయ్యమంటావా?" అంది అక్క.

"ఎందుకు మానడం? పథ్యమంటే ఒంటికి మేలుచేసేది తినడం కూడానమ్మా. ఇకనుంచి ఇదే పథ్యం. గట్టిగా చేయించండి, మీకు చెప్పాలా!"

దారంతా అక్కకు అదే ఆలోచన. తనకు ఇవన్నీ నేర్పింది అమ్మ. అమ్మ మాట తప్పయితే, ఇన్నేళ్లూ తను ఎంతమందికి ఏం చేసినట్టు? గుడ్డు ఉడకబెట్టి కంచం దాకా తెచ్చి, మళ్లీ గిన్నెలో పెట్టేసింది. పుండు ముదిరితే, తన చేతులారా ముదిరించినట్టే. అయినా వేసింది. ఆ ధైర్యానికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

మందులూ కట్లూ అలాగే సాగాయి, పూటపూటా గుడ్డో పప్పో తోడయింది. పుండు అడుగునుంచి ఎర్రగా కండ పట్టుకుంటూ వచ్చింది, ఆపైన చర్మం మూసుకుంది. వేలు దక్కింది.

వాడు మళ్లీ చెక్కను తొక్కిపట్టి రంపం లాగిననాడు వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. "అంతా పథ్యాలక్క చలవే! ఆ జావతోనే నిలబడ్డాడు" అన్నారు. తమ్ముడు తల ఎత్తలేదు. అక్క ఊరికే ఉంటే ఆవిడ పేరు పేరులాగే ఉండేది.

"కాదు" అంది అక్క. "ఆ జావే వాడి వేలు తీయించేది. నర్సమ్మ చెప్పి తినిపిస్తే మానింది."

పక్కింటి కోడలి మొహం పాలిపోయింది. మంచానపడ్డ వాళ్ల అత్తగారికి నడుం మీద పుండు. అక్క మాట మీదే ఆవిడకూ జావ తప్ప ఏదీ పెట్టడం లేదు.

ఆ మధ్యాహ్నమే అక్క మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు గిన్నెలో పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది. కోడలు గిన్నె చూసింది, గుమ్మంలోంచి పక్కకు తప్పుకోలేదు.

"నువ్వే కదక్కా వద్దన్నావు?"

"నేనేనమ్మా. ముసలొంట్లో కండ ఇంకా తొందరగా కరుగుతుందట, నర్సమ్మను అడిగొచ్చా. నువ్వు తిట్టుకో, నేను పడతా. ముందు ఆవిణ్ణి తిననియ్యి."

కోడలు పక్కకు జరిగింది. అక్క మంచం పక్కన కూర్చుని, ముసలావిడ తల ఒళ్లో పెట్టుకుని, మొదటి ముద్ద నోటికి అందించింది.