ఊక అడుగు లేని పొయ్యి

అగ్నిహోత్రునకును, చెరకుగడలో తీపిని దాచిన చల్లని తల్లికిని చేతులు మోడ్చి, మాఘ శుద్ధ సప్తమినాడు, నర్సీపట్నమున మా వీధి అరుగుమీద కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాసుకొనుచున్నాను.

ఈ ఉదయం మా ఎదురింటివారి మనుమడు, మాకవరపాలెం దారిలో తాను కొత్తగా పెట్టిన బెల్లం షెడ్డు చూపిస్తానని నన్ను కారులో ఎక్కించుకొని వెళ్ళాడు. కట్టెల మంటమీద చెరకురసం మరుగుతున్న ఆ వెడల్పాటి పెనాన్ని చూసేసరికి ప్రాణం లేచివచ్చింది గాని, నా చూపు పెనంమీద కంటె దాని కిందనే ఎక్కువసేపు నిలిచిపోయింది. పొయ్యి అడుగున ఎర్రని కాల్పు ఇటుకలు పేర్చి, వాటికీ గచ్చుకూ నడుమ గాలి ఆడడానికి సందు విడిచిపెట్టారు. పక్కన నిలబడి మరుగుమీద తేలే మడ్డి తీస్తున్న ఆడవాళ్ళ కాళ్ళకు మందపాటి బూట్లు ఉన్నాయి. ఈ ఇటుకలెందుకు నాయనా అని అడిగాను.

"గచ్చు పగిలిపోకుండానండీ బామ్మగారూ. కట్టెల సెగ గదా, సిమెంటు పెచ్చులు లేసిపోద్ది."

"మరి ఆ బూట్లు?"

"అవి లేపోతే ఇప్పుడు పన్లోకి ఎవులూ రారండి," అని నవ్వాడు.

ఆ నవ్వులో తప్పేమీ లేదు. అయినా నాకు నా తోటికోడలి పాదాలు గుర్తుకు వచ్చి, అక్కడ ఇక నిలువలేకపోయాను.

గొలుగొండ వైపున ఉన్న మా అత్తవారింట పెరటిని ఆనుకొనే బెల్లం పాక ఉండేది. పెనం ఎక్కిన పాకలోకి చెప్పులతో అడుగుపెట్టడం అపచారమని ఆ రోజుల్లో మా అందరి నమ్మకం కనుక, అందరూ ఉత్తకాళ్ళతోనే మెలిగేవారు. ఆ కాళ్ళు కాలకుండా కాపాడేది పొయ్యి అడుగు. యేటేటా పొయ్యి వెలిగించక మునుపు అడుగునా చుట్టూ నేలను తవ్వించి, పొడి ఇసుక పోసి, దానిమీద ఊకబూడిద దట్టంగా పరచి, ఊక కలిపిన బంకమట్టితో మెత్తి, పేడతో అలికేవారు. అంత మంటా లోపల భగభగలాడుతున్నా, పక్కనే నిలబడిన వారి అరికాళ్ళకు ఎండలో ఆరిన గుడ్డంత వెచ్చదనమే తగిలేది. అయితే మా ఇంటి ఆచారం ఒకటుంది: పొయ్యిని గర్భంగా భావించి, దాని అడుగున ఊకబూడిద పరచే చేయి పిల్లల తల్లిది కావాలనేవారు. అత్తగారు పోయిన తరువాత ఆ పని నా వంతయింది.

ఆ యేడు చెరకు కొట్టించే వేళకు నాకు రెండో కానుపు అయింది. మా అమ్మ మంచంలో ఉన్నందువల్ల కానుపు అత్తవారింటనే జరిగింది. పురుడు తీరేదాకా నేను దేనినీ తాకరాదు. నరికిన చెరకు అన్నాళ్ళు ఆగదు. ఇంట మిగిలిన ఆడది మా మరిది భార్య ఒక్కతే. ఆమెకు పిల్లలు లేరు. పాపం, ఆమె తెల్లవారకముందే బూడిద జల్లించుకొని, బంకమట్టి కలుపుకొని పాక వాకిట నిలుచుంది. పురిటిగది కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

మావగారు వచ్చి ఆ మట్టితట్టను కాలితో తన్నారు. "గొడ్రాలి సెయ్యి అడుగున పడితే పాకం ఇరిగిపోద్ది. పక్కకి పో!"

అలా అని, ఊకబూడిద అడుగుకు బదులుగా పొయ్యికి అటూ ఇటూ నాపరాళ్ళు తెప్పించి, ఉత్తనేలమీదనే, పొయ్యిగోడకు తగిలేట్టు పరిపించారు. బూడిద పరచడానికి పనికిరాని చేయి మడ్డి తీయడానికి పనికివచ్చింది. గరిట ఇచ్చి ఆమెనే ఆ రాళ్ళమీద నిలబెట్టారు.

రసం పొంగు వచ్చేసరికి రాళ్ళు కాలడం మొదలుపెట్టాయి. మంట వేసేవాడు రాతిమీద నీళ్ళు చిలికి, అవి చుయ్యిమనడం చూసి, "ఈ రాయి మీద అట్టేసుకోవచ్చండీ బాబూ," అన్నాడు. అందరూ నవ్వారు; మా మరిది కూడా నవ్వాడు. ఆమె ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ, "మావయ్యా, రాయి సురుక్కుమంతందండి. గోనెపట్టా ఒకటి ఏసుకుంతాను," అంది.

"నీ కాళ్ళేటి, యెన్నముద్దలేటి? పెనం ఎక్కినకాడ గోనెలేటే?"

"ఒక్కపాలి దిగి వచ్చేత్తానండి."

"దిగు. ఇటునుంచిటే మీ పుట్టింటికి పో. మావోడికి ఇంకోదాన్ని తెత్తాను."

ఆమె మొగుడి వైపు చూసింది. అతడు పొయ్యిలోకి చూశాడు. నేను కిటికీ ఊచలు పట్టుకొని, ఆమెను దించేయండి మావయ్యగారూ అని అరిచిన అరుపుకు, పురిటిదాని మాట పాకలో వినపడరాదని చెప్పి కిటికీ తలుపు మూయించారు. సందులోంచి ఆ తరువాత నాకు కనబడింది ఆమె చేయి ఒక్కటే. గరిట ఆగలేదు. రసం చిక్కబడి, పాకమై, తీగ సాగి, పెనం దించేదాకా ఆ చేయి తిరుగుతూనే ఉంది.

పెనం దిగాక జరిగింది మంట వేసేవాడు తరువాత చెప్పగా విన్నాను. ఆమె రాయి దిగబోతే అరికాళ్ళు రాలేదు. చర్మం రాతిమీదనే ఉండిపోయింది. ఎవరో కుండెడు నీళ్ళు కుమ్మరించారు. రాయి పెద్ద చప్పుడుతో నడిమికి పగిలింది. మావగారు వంగి ఆ పగులును చేత్తో తడిమి, "మంచి రాయి పోయిందిరా," అన్నారు. ఆమె వైపు చూడలేదు.

పాకం విరగలేదు. బంగారం రంగు దిగింది. నా బిడ్డ బారసాలకు ఊరందరికీ ఆ బెల్లమే పంచారు. ఇంత చక్కని బెల్లం ఈ చుట్టుపక్కల లేదని తిన్నవారందరూ మెచ్చుకుంటుంటే, ఆమె వసారాలో అరటాకులమీద కాళ్ళు చాపుకొని కూర్చుని వింటూ ఉంది.

ఇప్పటి వాళ్ళ కాళ్ళకు బూట్లు ఎవరి దయవల్లనో రాలేదు. మేము రాము అని వాళ్ళు అనగలిగినందువల్ల వచ్చాయి. ఆ చిన్న మాట ఆనాడు మా ఇంట ఏ ఆడదానికీ లేదు. బెల్లపు వాసన మాత్రం అదే. ఈ ఉదయం కారు దిగాక కూడా చాలాసేపు నా చీరచెంగున ఉంది.

ఆ యేడు ఫాల్గుణ బహుళ పంచమినాడు, నిలబడి పని చేయజాలదన్న కారణముతో, ఆమెను బండిమీద పుట్టింటికి పంపివేసిరి. వైశాఖ శుద్ధ దశమినాడు మా మరిదికి రెండవ వివాహము జరిగినది.